గ్రీజు డబ్బా ఎవరు కొనాలి?

చెరువు తూము షట్టర్‌కు ఏడాదికోసారి గ్రీజు పెట్టాలి. మర మీద పట్టిన తుప్పు గీకి, పాత జిడ్డు తుడిచి, కొత్తది పట్టించి, ఒకటికి రెండుసార్లు పైకీ కిందికీ తిప్పి చూడాలి. ఒక మనిషికి పూట పని. డబ్బా ఖరీదు వందల్లో ఉంటుంది. నాలుగైదేళ్లు ఆ పని ఎవరూ చేయకపోతే మర బిగుసుకుంటుంది. నాట్ల వేళ నీళ్లందని రైతు గడ్డపార పెట్టి తిప్పబోతాడు, రాడ్డు వంగుతుంది. ఇక షట్టర్ పూర్తిగా మూసుకోదు. వానాకాలంలో నిండిన చెరువు యాసంగి నాట్లు పడేసరికి తూములోంచే కారిపోయి సగమవుతుంది. అప్పుడు కొత్త షట్టర్‌కు ఎస్టిమేటు వేస్తాం. అది లక్షల్లో ఉంటుంది.

చిన్నతరహా నీటిపారుదల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా (ఏఈ) చేరి డీఈగా రిటైరయ్యాను. ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఇలాంటి ఎస్టిమేట్లు లెక్కలేనన్ని వేశాను. కట్ట మీదికి వెళ్లినప్పుడల్లా ఒక మాట వినేవాణ్ని: “సర్కారు చెరువు గద సారూ, సర్కారే సూసుకోవాలె.” ఆఫీసుకు తిరిగొచ్చి టీ తాగుతుంటే ఇంకో మాట వినపడేది: “జనానికి అన్నీ ఫ్రీగా కావాలి. ఒళ్లు వంచరు.” నా ఉద్యోగమంతా ఈ రెండు మాటల నడుమే గడిచింది. రెండింట్లోనూ కొంత నిజముంది. కానీ రెండు వైపుల వాళ్లూ అడగని ప్రశ్న ఒకటుంది. ఆ చెరువు మీద హక్కు ఎవరిది? నీళ్లు పంచే అధికారం, వచ్చే ఆదాయం, తప్పు చేసినవాణ్ని నిలదీసే అధికారం, ఇవన్నీ ఎవరి చేతిలో ఉన్నాయి? బాధ్యత సంగతి అక్కడ మొదలవుతుంది. హక్కు లేనివాడికి బాధ్యత గురించి ఎంత బోధించినా చెవికెక్కదు.

నీరటి ఉన్న కాలం

తెలంగాణలో చెరువు నీళ్లు పంచే మనిషిని నీరటి అంటారు. రాయలసీమలో నీరుగంటి అన్నా ఇతనే. తూము తీయడం, మూయడం, కాలువలు తిప్పడం, ఎవరి మడికి ఎంతసేపు పారాలో చూడడం అతని పని. రాత్రి గట్టి వాన పడితే లాంతరు పట్టుకుని కట్టంతా తిరిగేవాడు. ఎలుక బొరియలో, ఎండ్రకాయ బొక్కలో చెమ్మ కనిపిస్తే ఊళ్లో కేకేసేవాడు. కట్టకు గండి పడేది చాలాసార్లు అంత చిన్న బొక్క దగ్గరే.

అతని కూలి ఖజానా నుంచి వచ్చేది కాదు. పంట కోశాక ఒక్కో కల్లంలో మేర కింద ఇంత ధాన్యం కొలిచేవారు. కొన్ని ఊళ్లలో చెరువు కింద చిన్న ఇనాం చెక్క ఉండేది. చివరి మడి ఎండితే ఆ కల్లంలో మేర రాదు. కాబట్టి చివరి మడి దాకా నీళ్లు పోవడం అతని ఇంట్లో కుండకు సంబంధించిన విషయం. రాయలసీమలో దశబంధం అనే ఇనాం ఉండేది. చెరువు తవ్వించినవారికి, దాని మరమ్మతు చూసేవారికి ఆ చెరువు కిందే భూమి ఇచ్చేవారు. చెరువు బాగుంటేనే ఆ భూమి పండుతుంది. మరమ్మతు ఖర్చుకు ఎవరి ముందూ చేయి చాచనక్కర్లేదు.

అలాగని అప్పట్లో రాజ్యం చేతులు ముడుచుకుని కూర్చుందని కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని ఇంకో పేరు, ఆ చెరువు కట్టించాడు. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లపాటు పనిచేసినట్టు అందులో చెక్కారు. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు కూడా రాశారు. కాకతీయుల కాలపు రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు కూడా ఏ ఒక్క ఊరూ సొంతంగా కట్టుకోగలిగినవి కావు. కట్టడం రాజ్యం పని, కాపాడుకోవడం ఊరి పని. ఆ కాపాడుకోవడానికి కావలసిన రాబడి చెరువు కిందే ఉండేది.

అయితే పాత రోజులే బాగున్నాయని నేను అనను. నీరటి ఎక్కువ చోట్ల దళితుడే. ఊరంతటికీ నీళ్లు పంచినవాడికి ఊరి బావిలో చేద వేసే హక్కు లేదు. ఊరు కలిసి చేసిన మరమ్మతులో కొంత ఇష్టంతో చేసింది, కొంత వెట్టి. దొర పొలం తడిశాకే పక్కవాడి వంతు వచ్చిన ఊళ్లకు కొదవ లేదు. ఆ పద్ధతి పోవలసిందే. నా బాధల్లా, వెట్టితోపాటు ఊరి అధికారాన్ని కూడా ఊడ్చేశారని.

ఒక్కొక్కటే చేయి జారింది

రైతు ఒళ్లు వంచడనే వాదన మన తరంలో పుట్టింది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో రైతులు ఆనవాయితీగా చేసే చిన్న మరమ్మతును కుడిమరామతు అనేవారు. రైతులు అది మానేస్తున్నారని 1858లో ఏకంగా నిర్బంధ శ్రమ చట్టమే తెచ్చారు. చట్టంతో పార పట్టించడం సాగలేదు. 1883లో చెరువుల పునరుద్ధరణ పథకం పెట్టి ప్రభుత్వమే మరమ్మతులకు దిగింది. పంటలో పెద్ద భాగం శిస్తు కింద తీసుకుంటున్న ప్రభుత్వం, మరమ్మతుకు మాత్రం మీ చేతులే వాడండి అంటే రైతు ఎందుకు వింటాడు? అప్పటి తెల్లదొరలూ రైతు సోమరి అనే అనుకున్నారు.

స్వాతంత్ర్యం వచ్చాక ఇనాంలు రద్దయ్యాయి. అది న్యాయమే. కానీ చెరువు మరమ్మతుకు ఆధారమైన ఇనాం భూములు కూడా ఆ ఊపులోనే పోయాయి, వాటి స్థానంలో చెరువుకు వేరే రాబడి ఎవరూ చూపలేదు. 1980ల నడుమ పటేల్, పట్వారీ వ్యవస్థ పోయింది. నీరటి గ్రామ సేవకుడయ్యాడు, తర్వాత వీఆర్‌ఏ (గ్రామ రెవెన్యూ సహాయకుడు) అయ్యాడు. మండలాఫీసులో ఫైళ్లు మోశాడు, ఎన్నికల డ్యూటీ చేశాడు. 2023లో తెలంగాణ ప్రభుత్వం వీఆర్‌ఏలను రకరకాల శాఖల్లో సర్దింది. ఒక కుటుంబానికి స్థిరమైన జీతం రావడం మంచిదే. అయితే అతను జవాబు చెప్పుకోవలసింది ఇప్పుడు పై అధికారికి. చివరి మడి రైతుకు కాదు.

ఇక చెరువును శాఖలు పంచుకున్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో నూరెకరాలలోపు ఆయకట్టున్న చెరువులు పంచాయతీరాజ్ కింద, అంతకు పైబడినవి నీటిపారుదల శాఖ కింద ఉండేవి. చెరువు ముంపు నేల, అంటే శిఖం భూమి, రెవెన్యూ వారి లెక్కలో ఉంటుంది. చేపలు మత్స్య సహకార సంఘానివి. శిఖంలో దున్నుకునేవాడు చెరువు నిండకుండా, మిగులు నీళ్లు పొర్లిపోయే అలుగు ఎత్తు తగ్గించమంటాడు. ఆయకట్టు రైతు ఇంకో అడుగు నీళ్ల కోసం అలుగు మీద ఇసుక బస్తాలు పేరుస్తాడు. చేపలు దాటిపోకుండా ఇంకొకరు అలుగుకు అడ్డంగా వల కడతారు. వరదలో కొట్టుకొచ్చిన చెత్త ఆ వలకు పట్టి నీళ్లకు దారి మూసేస్తుంది. అప్పుడు నీళ్లు కట్ట మీద నుంచి పొర్లుతాయి. కట్ట తెగాక అందరూ కలిసి నా దగ్గరికి వచ్చేవారు.

అప్పుడు నేను చేయగలిగిందేమిటి? ఎస్టిమేటు, సాంకేతిక మంజూరు, పరిపాలన అనుమతి, టెండరు, అగ్రిమెంటు. ఈ మెట్లన్నీ ఎక్కేసరికి వేసవి అయిపోతుంది. మృగశిర కార్తెలో కాంట్రాక్టరు మట్టి పోయడం మొదలుపెడతాడు. తడి మట్టి మీద రోలర్ సరిగా తిరగదు. పని కొలతలు రాసే ఎం బుక్‌లో మాత్రం అన్నీ సరిగ్గానే ఉంటాయి.

సోమరి అన్నది ఎవరిని?

తెలంగాణ రైతు ప్రభుత్వం మీద పడి బతుకుతున్నాడనే వాళ్లు బోరు బావుల చరిత్ర ఒకసారి చూడాలి. చెరువు నమ్మదగింది కాకుండా పోయాక రైతు ప్రభుత్వం వైపు చూస్తూ కూర్చోలేదు. అప్పు చేసి బోరు వేశాడు. నీళ్లు పడకపోతే ఇంకోటి వేశాడు. పుస్తెలు తాకట్టు పెట్టి మరోటి వేశాడు. నీటిపారుదలలో సొంత పెట్టుబడి అంటే ఇంతకంటే ఏముంటుంది? ఆ అప్పులే ఎన్ని ఇళ్లను ఆర్పాయో మనం చూశాం. వ్యక్తిగత బాధ్యత లేక కాదు, అది ఒంటరిదై అతను మునిగాడు. ఊరంతా కలిసి ఒక చెరువును చూసుకోవలసిన చోట, ఎవరి బోరు వారిదై, ఒకరి బోరు ఇంకొకరి బోరును ఎండబెట్టింది.

ప్రభుత్వం చేసిన సాయం కూడా ఆ ఒంటరి దారినే పెంచింది. 2004 మేలో వ్యవసాయానికి ఉచిత కరెంటు ఫైలు మీద వైఎస్ రాజశేఖరరెడ్డి తొలి సంతకం చేశారు. అప్పుల్లో ఉన్న రైతుకు అది ఊపిరి. నేను దాన్ని తప్పుపట్టను. కానీ నీళ్లు ఎన్ని తోడినా బిల్లు ఒకటే అయినప్పుడు మోటారు ఆపడానికి కారణం ఉండదు. 2018 జనవరి నుంచి తెలంగాణలో సేద్యానికి 24 గంటల కరెంటు వచ్చింది. ఆటో స్టార్టర్లు తీసేయండి, లేకపోతే భూగర్భజలం అడుగంటుతుంది అని ప్రభుత్వమే ఊరూరా ప్రచారం చేసుకోవలసి వచ్చింది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో రాత్రి పాము కాటుకు భయపడి, కరెంటు రాగానే మోటారు దానంతటదే నడిచేలా పెట్టుకున్న ఆటో స్టార్టరు అది. కరెంటు కుదురుకున్నాక కూడా చాలామంది దాన్ని తీయలేదు. ఇక్కడ మాత్రం తప్పు రైతుదేనని చెప్పక తప్పదు. ఒక చిన్న పెట్టె విప్పి పక్కన పెట్టడానికి జీవో అక్కర్లేదు.

ఇందుకు పూర్తిగా ఎదురు ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. 2000 తర్వాతి తొలి దశాబ్దంలో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో రైతులే భూగర్భజలాన్ని లెక్కగట్టుకునే ప్రాజెక్టు ఒకటి నడిచింది. ఆంగ్ల పొట్టి పేరు ఏపీఎఫ్‌ఏఎంజీఎస్. రైతులే వానమాపకం చూసి రాసుకున్నారు, తమ బోర్లలో నీటిమట్టం తామే కొలిచారు, ఊళ్లో ఉన్న నీళ్లెన్ని, ఏ పంటకు ఎన్ని కావాలి అని గోడ మీద లెక్క రాసుకుని పంట ఎంచుకున్నారు. వారికి సబ్సిడీ ఏమీ ఇవ్వలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. చేతికి లెక్క వచ్చింది, అంతే. చాలా ఊళ్లలో వరి తగ్గించి ఆరుతడి పంటలకు మారారు.

నల్లమట్టి కోసం రాత్రంతా

2015 మార్చి 12న కామారెడ్డి దగ్గర సదాశివనగర్ చెరువులో మిషన్ కాకతీయ మొదలైంది. రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలు ఉన్నాయని లెక్క తేల్చి, ఏటా ఐదో వంతు చొప్పున బాగుచేయాలని తలపెట్టారు. పూడిక తవ్వే ఖర్చు ప్రభుత్వానిది. తవ్విన మట్టిని పొలానికి తోలుకునే ఖర్చు రైతుది. ఆ ఒక్క షరతు నా కళ్లు తెరిపించింది.

వేసవి రాత్రుల్లో చెరువులో ట్రాక్టర్లు బారులు తీరేవి. ప్రొక్లెయినర్ నడిపే కుర్రాడికి రైతులే ఇంటినుంచి సద్ది తెచ్చేవారు. ఎక్కడ నల్లమట్టి ఉందో, ఎక్కడ ఇసుక తగులుతుందో మాకంటే వాళ్లకే బాగా తెలుసు. మొరం పడిన ట్రాలీని అక్కడే కుమ్మరించి మళ్లీ నింపమనేవారు. “మా పైసల్తోని తోలుకుంటున్నం సారూ, మట్టి మంచిగుండాలె” అని ఒకామె నాతోనే గట్టిగా వాదించింది. చెల్క నేలలో ఆ మట్టి తోలినవాళ్లు మరుసటి ఏడు ఎరువు తక్కువ పట్టిందని చెప్పారు.

అదే చెరువులో, అదే నెలలో, కట్ట బలపరిచే పని, అలుగు మరమ్మతు పూర్తిగా కాంట్రాక్టుకు వెళ్లాయి. అటు వైపు ఒక్క రైతు కూడా తొంగిచూడలేదు. పిలిచినా రాలేదు. “అది మీ పని గద” అన్నారు. ఊరు అదే, జనం అదే, వేసవీ అదే. మట్టి తమదని తెలిసిన చోట రాత్రంతా మేలుకున్నారు, కట్ట తమది కాదనుకున్న చోట పడుకున్నారు. గుణం మారలేదు, హక్కు మారింది. ఆ తర్వాత రెండు మూడేళ్లకే కట్ట మీద సర్కారు తుమ్మ మళ్లీ మొలిచింది. దాని వేర్లు కట్టలోకి దిగి, కుళ్లి, నీళ్లకు సందు చేస్తాయని మాకు తెలుసు, వాళ్లకీ తెలుసు.

1997లో ఒకసారి తలుపు తెరిచారు

హక్కు ఇచ్చే ప్రయత్నం అసలు జరగలేదని కాదు. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలోనే పెద్ద అడుగు వేసింది. రైతులే సాగునీటి వ్యవస్థను నడుపుకునేలా చట్టం చేసి, ఆ ఏడాదే పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు పెట్టింది. అంతకుముందే నీటి తీరువా మూడింతలు పెంచి, వసూలైన దాంట్లో సంఘాలకు వాటా ఇస్తామన్నారు. మొదటి రెండేళ్లు కాలువ పూడికలు తీసిన తీరు చూసి నేనే ముచ్చటపడ్డాను.

తర్వాత ఏమైంది? వాటా సమయానికి రాలేదు. వచ్చిన డబ్బు పనుల రూపంలోనే వచ్చింది. పని ఉన్నప్పుడు సంఘం ఉండేది, పని అయిపోతే సంఘం తాళం వేసుకునేది. చాలాచోట్ల అధ్యక్షుడే కాంట్రాక్టరయ్యాడు. ఎవరు ఎప్పుడు తూము తీయాలో నిర్ణయించే అధికారం, అలుగు మీద బస్తా పెట్టినవాడికి జరిమానా వేసే ధైర్యం సంఘానికి ఎన్నడూ రాలేదు. మా శాఖవాళ్లం కూడా వాటిని రానివ్వలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో ఈ సంఘాలకు మళ్లీ ఎన్నికలు జరిగాయి. ఈసారైనా పనుల బిల్లుల కోసం కాక, నీళ్ల కోసం సంఘం బతుకుతుందేమో చూడాలి.

2009లో ఎలినార్ ఆస్ట్రమ్‌కు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది ఇలాంటి ప్రశ్న మీదే. చెరువులు, అడవులు, చేపల రేవుల వంటి ఉమ్మడి వనరులను ప్రభుత్వమో ప్రైవేటు యజమానో మాత్రమే కాపాడగలరన్న నమ్మకాన్ని ఆమె దేశదేశాల ఉదాహరణలతో కాదన్నారు. జనమే నడుపుకున్న చోట కొన్ని లక్షణాలు కనిపించాయి. వాటాదారులెవరో స్పష్టంగా ఉంటుంది. నియమాలు వాళ్లే పెట్టుకుంటారు. కాపలావాడు వాళ్లకే జవాబుదారీ. తప్పుకు శిక్ష చిన్నగా మొదలై పెరుగుతుంది. ఈ ఏర్పాటును ప్రభుత్వం గుర్తిస్తుంది. ఈ జాబితా చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది మన నీరటే.

ఎవరి పని వారికి

స్వయంశక్తి గురించి ఎంత మాట్లాడినా ఊరి చేతికి అందని పనులు ఉంటాయి. 2023 జూలై చివర ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన కురిసింది. అంత నీటికి ఏ ఆయకట్టు సంఘమూ అడ్డుపడలేదు. మన చెరువులు గొలుసుకట్టువి. పైది తెగితే కిందివి వరుసగా తెగుతాయి. కాబట్టి అలుగు ఎంత వెడల్పుండాలో లెక్కగట్టడం, గండి పూడ్చడం, పైచెరువు నీళ్లు వదిలే ముందు కింది ఊరికి చెప్పడం, పూర్తి నీటిమట్టం హద్దురాళ్లు పాతడం, శిఖం ఆక్రమణ తొలగించడం, ఇవన్నీ ప్రభుత్వమే చేయాలి. ఇందులో తప్పించుకుని “ప్రజల భాగస్వామ్యం” అని బోర్డు పెడితే అది మోసం.

ఏటా చేసే చిన్న పనులు ఆయకట్టువి. వేసవిలో కట్ట మీద చెట్లు కొట్టడం, బొరియలు పూడ్చడం, తూముకు గ్రీజు, పిల్లకాలువల పూడిక, అలుగు మీద బస్తా గానీ వల గానీ లేకుండా చూడడం. నలుగురు కలిస్తే వారం పని. దీనికి ఎస్టిమేటు వేయించడం సిగ్గుచేటు. కానీ ఆ సంఘానికి మూడు కావాలి. చెరువు రాబడిలో రాతపూర్వకమైన వాటా. నీళ్లు పంచే మనిషిని పెట్టుకుని, తీసేసే అధికారం. నియమం తప్పినవాడికి వేసిన జరిమానా చెల్లుబాటు అయ్యే చట్టం. భూమి లేనివాళ్లు, మత్స్యకారులు, ఆడవాళ్లు ఆ సంఘంలో లేకపోతే మళ్లీ దొరల చెరువే అవుతుంది, అది నాలుగో షరతు.

పట్నంలో ఉన్నవాళ్లకూ ఇందులో వంతు ఉంది. హైదరాబాద్‌లో చెరువు ఆక్రమణలు తొలగించేందుకు 2024 జూలైలో హైడ్రా ఏర్పడింది. కూల్చివేతలప్పుడు, అనుమతులిచ్చిన ప్రభుత్వమే కూలుస్తుందా అని జనం అడిగారు. న్యాయమైన ప్రశ్న. అనుమతిచ్చిన అధికారిని కూడా శిక్షించాలి. కానీ ప్లాటు కొనేముందు అది పూర్తి నీటిమట్టం లోపల ఉందో, బఫర్‌లో ఉందో చూసుకోవడం కొనేవాడి పని. ధర ఎందుకంత తక్కువో అడక్కుండా అడ్వాన్సు ఇచ్చినవారు అంతా ప్రభుత్వం మీద వేయలేరు.

పల్లెలో ఉన్న పాఠకులకు ఒక మాట. ఈసారి గ్రామసభకు వెళ్లండి. మన చెరువు మీద ఏటా వచ్చే రాబడి ఎంత, ఎవరి ఖాతాలో పడుతోంది, అందులో కట్ట మీద ఖర్చయింది ఎంత అని అడగండి. జవాబు కాగితం మీద తీసుకోండి. అందులో మన వాటా అడిగి, ఆ సాయంత్రమే నలుగురిని పోగేసి కట్ట మీద తుమ్మ కొట్టడానికి రోజు ఖాయం చేయండి. అడగకుండా పని మాత్రమే చేస్తే అది మళ్లీ వెట్టి అవుతుంది. పని చేయకుండా అడిగితే ఎవరూ వినరు. గ్రామసభలో జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 2005 నుంచి ఆ హక్కు మీ చేతిలోనే ఉంది.